ఇల్యా మెచ్నికోవ్

ఇల్యా ఇల్యీచ్ మెచ్నికోవ్ (మే 15, 1845 - జూలై 15, 1916) రష్యా సామ్రాజ్యంలో జన్మించి, జీవితంలోని చివరి 28 సంవత్సరాలు పారిస్ నగరంలో పరిశోధనలు చేసిన సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త. శరీరంలో ప్రవేశించిన సూక్ష్మజీవులను, మృతకణాలను మ్రింగి జీర్ణం చేసుకొనే భక్షక కణాల ప్రాముఖ్యాన్ని లోకానికి తెలియజెప్పినవాడు ఇతడే. ఈ కృషికి గాను 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

చర్మంలో ముల్లు విరిగినప్పుడు ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పెట్టడం అందరికీ అనుభవమే. వైద్యశాస్త్రంలో దీనిని శోథం అంటారు. ఈ నాలుగు లక్షణాలను క్రీస్తు శకం మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ పేర్కొన్నాడు. అయితే 19వ శతాబ్దం చివరివరకు వైద్యులలో అధికులు శోథాన్ని శరీరానికి జరిగిన హానిగానే భావించారు. అది హాని కాదనీ, హానిని ఎదుర్కొనడానికి శరీరం చేసే ప్రయత్నమనీ మెచ్నికోవ్ వాదించాడు. వైద్య పట్టా లేని ఒక జంతుశాస్త్రజ్ఞుడు, సముద్రపు జీవి డింభకాన్ని చూసి ఈ నిర్ణయానికి రావడం విశేషం.

బాల్యం, విద్యాభ్యాసం

మెచ్నికోవ్ ఖార్కోవ్ పట్టణానికి సమీపంలోని ఇవానోవ్కా అనే గ్రామంలో జన్మించాడు. ఈ ప్రాంతం నేటి ఉక్రెయిన్ దేశంలో ఉన్నది. తండ్రి ఇల్యా ఇవానోవిచ్ చక్రవర్తి అంగరక్షక దళంలో అధికారి. తల్లి ఎమిలియా ల్వోవ్నా యూదు వంశానికి చెందిన రచయిత నెవాఖోవిచ్ కుమార్తె. ఐదుగురు సంతానంలో ఇతడు కడపటివాడు. అన్నలలో ఒకడైన లెవ్ భూగోళ శాస్త్రవేత్తగా పేరుపొందాడు. న్యాయశాఖలో పనిచేసిన మరొక అన్న ఇవాన్ మరణమే టాల్‌స్టాయ్ రచించిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' అనే నవలికకు ప్రేరణ అయ్యింది.

చిన్ననాటినుండి మొక్కలు, పురుగులు అంటే ఇతడికి అమితమైన ఆసక్తి. తాను నేర్చుకొన్నదానిని ఇతర పిల్లలను కూర్చోబెట్టి ఉపన్యాసంగా చెప్పేవాడు. ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలోనే ముగించి 1864లో పట్టభద్రుడయ్యాడు. తరువాత జర్మనీ వెళ్ళి హెలిగోలాండ్ ద్వీపంలోను, గీసెన్, గాటింగెన్, మ్యూనిక్ నగరాలలోను అధ్యయనం చేశాడు. 1865లో గీసెన్‌లో ఉండగా ఒక చదునుపురుగులో ఆహారం పేగు కుహరంలో గాక కణాల లోపలనే జీర్ణం కావడాన్ని గమనించాడు. అప్పటికి అదొక చిన్న పరిశీలన. పదిహేడేళ్ళ తరువాత గాని దాని విలువ అతడికే బోధపడలేదు.

అక్కడినుండి ఇటలీలోని నేపుల్స్ చేరి, అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ అనే మరొక రష్యన్ యువకునితో కలిసి వెన్నెముక లేని సముద్రజీవుల పిండాభివృద్ధిని పరిశీలించాడు. ఈ పనికి 1867లో ఇద్దరికీ కలిపి బేర్ బహుమతి లభించింది. అదే సంవత్సరంలో ఒడెస్సా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా చేరినప్పుడు అతడికి 22 సంవత్సరాలు. కొంతకాలం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసి, 1870లో ఆచార్య పదవిపై తిరిగి ఒడెస్సా వచ్చాడు.

కష్టకాలం

1869లో మెచ్నికోవ్ లుద్మిలా ఫెదరోవిచ్‌ను వివాహమాడాడు. ఆమె అప్పటికే క్షయవ్యాధిగ్రస్తురాలు. నడవలేని స్థితిలో ఉన్నందున ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకొని వెళ్ళవలసి వచ్చింది. నాలుగేళ్ళపాటు ఆమె ఆరోగ్యం కోసం దేశదేశాలు తిరిగినా ఫలితం లేకపోయింది. 1873లో మదీరా ద్వీపంలో ఆమె మరణించింది. కంటిజబ్బుతోను, ఒంటరితనంతోను కృంగిపోయిన మెచ్నికోవ్ ఆత్మహత్యకు ప్రయత్నించి బయటపడ్డాడు. ఆ రోజులలోనే జెనీవాలో ఒక దీపం చుట్టూ గుమిగూడిన పురుగులను చూసి, కొద్ది గంటలు మాత్రమే జీవించే ఈ ప్రాణులకు ప్రకృతి వరణం ఎట్లా వర్తిస్తుందన్న ఆలోచనలో పడ్డాడనీ, ఆ ఆలోచనే అతడిని తిరిగి పనిలోకి లాగిందనీ అతడి రెండవ భార్య తరువాత వ్రాసిన జీవితచరిత్ర తెలుపుతుంది.

ఆ రెండవ భార్య ఓల్గా బెలోకోపితోవా. 1875లో వీరి వివాహం జరిగింది. ఆమె చిత్రకారిణి, ప్రయోగశాలలో భర్తకు సహాయకురాలు కూడా. 1880లో ఆమెకు తీవ్రమైన టైఫాయిడ్ సోకింది. దానికి తోడు విశ్వవిద్యాలయంలో రాజకీయ వివాదాలు పెచ్చుపెరిగాయి. తిరిగి నిరాశకు లోనైన మెచ్నికోవ్ 1881లో పునరావృత జ్వరం సోకిన రోగి రక్తాన్ని తన శరీరంలోకి ఎక్కించుకొన్నాడు. తీవ్రంగా జబ్బుపడి కోలుకొన్నాడు. ఈ జబ్బు తరువాత అతడి స్వభావంలోని నిరాశావాదం చాలావరకు తొలగిపోయిందంటారు. అదే ఏడాది జార్ చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ హత్యకు గురికాగా, విశ్వవిద్యాలయాలపై ప్రభుత్వ ఒత్తిడి మరింత పెరిగింది. 1882లో మెచ్నికోవ్ ఆచార్య పదవికి రాజీనామా చేసి, భార్యతోను, ఆమె చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళతోను సిసిలీ ద్వీపంలోని మెస్సీనా పట్టణానికి తరలివెళ్ళాడు.

మెస్సీనాలో గులాబి ముల్లు

1882 డిసెంబరులో ఒకనాడు కుటుంబమంతా సర్కస్‌లో కోతుల ఆట చూడడానికి వెళ్ళింది. మెచ్నికోవ్ ఒక్కడే ఇంట్లో సూక్ష్మదర్శిని ముందు కూర్చొని, స్టార్‌ఫిష్ డింభకాన్ని పరిశీలిస్తున్నాడు. ఈ డింభకం గాజువలె పారదర్శకంగా ఉంటుంది. అందుచేత దాని లోపల సంచరించే కణాలను కోత కోయకుండానే చూడవచ్చును. అటూ ఇటూ ప్రాకే ఆ కణాలు ఆహారాన్ని జీర్ణం చేసుకోవడమే గాక, బయటినుండి చొరబడిన దానినుండి శరీరాన్ని కాపాడడానికి కూడా ఉపయోగపడవచ్చునన్న ఊహ అతడికి తట్టింది. ఊహ సరైనదైతే, రక్తనాళాలుగాని, నాడీమండలంగాని లేని ఆ డింభకంలో ఏదైనా గుచ్చినప్పుడు దాని చుట్టూ ఈ కణాలు చేరాలి. మనిషి వేలిలో ముల్లు దిగితే చీము పట్టినట్లే ఇక్కడా జరగాలి.

పిల్లలకు క్రిస్మస్ చెట్టుగా ఒక నారింజ జాతి మొక్కను అలంకరించి ఉంచిన ఇంటి తోటలోనే గులాబి మొక్క కూడా ఉంది. మెచ్నికోవ్ దాని ముళ్ళు కొన్ని తెచ్చి, డింభకాల చర్మం క్రింద గుచ్చాడు. ఆత్రుతతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి చూసేసరికి ముల్లు చుట్టూ సంచార కణాలు దట్టంగా మూగి ఉన్నాయి.

ఈ ప్రయోగంలోని తర్కాన్ని గమనించడం అవసరం. అప్పటివరకు శోథానికి మూలం రక్తనాళాలలో ఉన్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. జర్మన్ శాస్త్రవేత్త కోన్‌హైమ్ 1867లో కప్పపై చేసిన ప్రయోగాలలో, శోథం కలిగిన చోట తెల్ల రక్తకణాలు నాళాల గోడలగుండా వెలుపలికి రావడాన్ని చూపాడు. అయితే అది నాళాల గోడలు చెడిపోవడం వలన జరిగే కారుడు మాత్రమేనని అనుకొన్నారు. చీములోని తెల్లకణాలలో సూక్ష్మజీవులు కనబడితే, ఆ కణాలే రోగాన్ని ఒంటినిండా మోసుకొనిపోతున్నాయని భావించారు. కాని స్టార్‌ఫిష్ డింభకంలో కారడానికి రక్తనాళమే లేదు. ఎర్రబడడానికి ఎర్రని రక్తం లేదు. అయినా కణాలు ముల్లు దగ్గరకు చేరాయి. అంటే ఎరుపు, వేడి, వాపు అన్నవి పరిణామక్రమంలో తరువాత చేరిన హంగులు. కణం కదలి వచ్చి పరాయి వస్తువును చుట్టుముట్టడమే శోథంలోని అసలు క్రియ. ఉన్నత జంతువులలో రక్తనాళాలు వ్యాకోచించేది ఆ కణాలను వేగంగా గాయం వద్దకు చేర్చడానికే. మెచ్నికోవ్ తరువాతి జీవితమంతా ఈ ఒక్క విషయాన్ని నిరూపించడానికే వెచ్చించాడని చెప్పవచ్చును.

ఆ సమయంలో మెస్సీనాకు వచ్చిన ప్రఖ్యాత రోగనిర్ధారణ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో ఈ ప్రయోగాలను చూసి ప్రోత్సహిస్తూనే, తొందరపడవద్దని హెచ్చరించాడు. తిరుగు ప్రయాణంలో వియన్నాలో జంతుశాస్త్ర ఆచార్యుడు క్లౌస్‌ను కలిసినప్పుడు, ఈ కణాలకు గ్రీకు భాషనుండి 'ఫాగోసైట్' అనే పేరును ఆయన సూచించాడు. తినే కణం అని దాని అర్థం. 1883లో మెచ్నికోవ్ తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. మరుసటి సంవత్సరం డాఫ్నియా అనే నీటిపురుగుపై చేసిన పరిశోధన వెలువడింది. సూదులవంటి సిద్ధబీజాలు గల ఒక ఈస్ట్ జాతి శిలీంధ్రం ఈ పురుగుకు ప్రాణాంతకం. పురుగు మ్రింగిన సిద్ధబీజాలు పేగును పొడుచుకొని శరీర కుహరంలోకి రాగానే రక్తకణాలు వాటిని చుట్టుముట్టి నాశనం చేస్తాయి. కణాలు గెలిస్తే పురుగు బ్రతుకుతుంది, శిలీంధ్రం గెలిస్తే చనిపోతుంది. జబ్బు అంటే రెండు ప్రాణుల మధ్య జరిగే పోరాటమని చూపడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అతడికి దొరకలేదు.

కప్పపిల్ల తోక కుంచించుకొని మాయమయ్యే సమయంలోను ఇటువంటి కణాలే ఆ కండరాలను తొలగిస్తున్నాయని మెచ్నికోవ్ గుర్తించాడు. అంటే భక్షక కణాల పని శత్రువును చంపడం మాత్రమే కాదు. పాతదానిని తొలగించి క్రొత్త కట్టడానికి చోటు చేయడం కూడా. గాయం మానడం గురించిన తరువాతి పరిశోధనలకు ఇది ముఖ్యమైన సూచన.

ఒడెస్సానుండి పారిస్‌కు

1886లో ఒడెస్సాలో సూక్ష్మజీవశాస్త్ర కేంద్రం ఏర్పడినప్పుడు మెచ్నికోవ్ దానికి అధిపతి అయ్యాడు. పాశ్చర్ కనిపెట్టిన పిచ్చికుక్క కాటు టీకాను అక్కడ ఇచ్చేవారు. అతడు వైద్యుడు కానందువలన స్థానిక వైద్యులు అడుగడుగునా అడ్డుతగిలారు. కేంద్రం తయారుచేసిన ఆంత్రాక్స్ టీకా వేయగా వేలకొద్దీ గొర్రెలు చనిపోవడం మరొక దెబ్బ. ఆ సమయంలో మెచ్నికోవ్ ఊరిలో లేడు. పాలనా వ్యవహారాలు తనకు తగవని గ్రహించి, 1888లో పారిస్ చేరుకొన్నాడు. పాశ్చర్ ఆదరించి, నూతనంగా నిర్మించిన తన సంస్థలో ఒక ప్రయోగశాలను కేటాయించాడు.

ఒడెస్సాలో ఇతడి శిష్యుడైన వాల్డెమార్ హాఫ్‌కిన్ కూడా మరుసటి సంవత్సరం పారిస్ వచ్చి పాశ్చర్ సంస్థలో చేరాడు. ఇతడే 1893లో భారతదేశం వచ్చి కలరా టీకాను ప్రయోగించినవాడు, 1897లో బొంబాయిలో ప్లేగు టీకాను తయారుచేసినవాడు. ముంబయిలోని హాఫ్‌కిన్ సంస్థకు 1925లో ఆ పేరు పెట్టారు.

భక్షక కణాలా, రక్తరసమా?

మెచ్నికోవ్ సిద్ధాంతానికి జర్మన్ శాస్త్రవేత్తలనుండి తీవ్రమైన వ్యతిరేకత ఎదురయ్యింది. రాబర్ట్ కాక్ మొదటినుండి దానిని అంగీకరించలేదు. 1890లో బేరింగ్, కిటసాటోలు ధనుర్వాతం, డిఫ్తీరియా విషాలకు విరుగుడు పదార్థాలు రక్తరసంలో ఏర్పడతాయని నిరూపించడంతో రోగనిరోధక శక్తి అంతా రక్తరసంలోనే ఉన్నదన్న వాదం బలపడింది. 1894లో ఫైఫర్, టీకా పొందిన గినీపందుల ఉదర కుహరంలో కలరా సూక్ష్మజీవులు కణాల ప్రమేయం లేకుండానే కరిగిపోవడాన్ని చూపాడు. ప్రతి ప్రయోగానికి మెచ్నికోవ్ మరొక ప్రయోగంతో సమాధానం చెప్పేవాడు. వాదనలో అతడు ఆవేశపరుడు. ప్రత్యర్థుల ఫలితాలలోని సత్యాన్ని కొన్నిసార్లు తక్కువగా అంచనా వేశాడన్నది కూడా నిజమే. రక్తరసంలో ప్రతిరక్షకాలకు తోడుగా పనిచేసే పదార్థాన్ని 1895లో వివరించిన జూల్స్ బోర్డే ఇతడి ప్రయోగశాలలోనే పనిచేస్తుండేవాడు. గురువు వాదానికి అది అనుకూలం కాకపోయినా, శిష్యుని పనికి మాత్రం ఆటంకం కలుగలేదు. బోర్డేకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

1891లో మెచ్నికోవ్ పారిస్‌లో శోథంపై వరుసగా ఉపన్యాసాలు ఇచ్చాడు. మరుసటి ఏడాది ఇవి ఫ్రెంచి భాషలో గ్రంథంగా వెలువడ్డాయి. ఏకకణ జీవులనుండి మొదలుపెట్టి, స్పంజికలు, పురుగులు, చేపలు, కప్పలు, క్షీరదాల వరకు గాయానికి శరీరం ఎట్లా స్పందిస్తుందో ఇందులో క్రమంగా వివరించాడు. ఇతడి రచనలలో ఇది అత్యుత్తమమైనదిగా భావింపబడుతుంది. భక్షక కణాలను రెండు తెగలుగా విభజించి, చిన్నవాటిని మైక్రోఫేజ్‌లనీ, పెద్దవాటిని మాక్రోఫేజ్‌లనీ పిలిచాడు. మొదటి తెగను నేడు న్యూట్రోఫిల్ అంటున్నారు. రెండవ పేరు మాత్రం అట్లాగే నిలిచిపోయింది. 1901లో అంటువ్యాధులలో నిరోధక శక్తిపై మరొక పెద్ద గ్రంథం ప్రచురించాడు.

ఇరుపక్షాల మధ్య సయోధ్య లండన్‌నుండి వచ్చింది. 1903లో ఆల్మ్‌రోత్ రైట్, స్టూవర్ట్ డగ్లస్‌లు రక్తరసంలోని కొన్ని పదార్థాలు సూక్ష్మజీవులకు అంటుకొని, వాటిని భక్షక కణాలు సులభంగా మ్రింగేటట్లు చేస్తాయని చూపారు. రెండు వాదాలలోనూ నిజం ఉన్నదన్నమాట. ఈ విషయం ఎంతగా ప్రచారమయ్యిందంటే 1906లో బెర్నార్డ్ షా వైద్యులపై వ్రాసిన నాటకంలో భక్షక కణాలను ఉత్తేజపరచడం ఒక హాస్యవస్తువయ్యింది. 1908లో నోబెల్ బహుమతిని కణవాది మెచ్నికోవ్‌కు, రక్తరసవాది ఎర్లిక్‌కు సమానంగా పంచి ఇచ్చారు.

ఇతర పరిశోధనలు

ఎమిల్ రూతో కలిసి 1903లో చింపాంజీలకు సిఫిలిస్ వ్యాధి సోకేటట్లు చేయగలిగాడు. వ్యాధి క్రిములు చర్మంలో ప్రవేశించిన కొద్ది గంటలలోపు పాదరస లవణమైన కాలొమెల్ కలిపిన లేపనాన్ని ఆ చోట రుద్దితే వ్యాధి రాదని 1906లో ప్రకటించాడు. ఒక వైద్య విద్యార్థి స్వచ్ఛందంగా తన శరీరంపైనే ఈ ప్రయోగానికి ఒప్పుకొన్నాడు. అంతకుముందు 1892లో మెచ్నికోవ్ స్వయంగా కలరా సూక్ష్మజీవులను త్రాగాడు. అతడికేమీ కాలేదు గాని, అదే పని చేసిన ఒక సహాయకుడు చావు అంచులవరకు వెళ్ళాడు. నేటి నియమాల ప్రకారం ఇటువంటి ప్రయోగాలను ఎవరూ అనుమతించరు.

చివరి దశలో ఇతడి దృష్టి వృద్ధాప్యంపైకి మళ్ళింది. పెద్దప్రేగులోని కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల విషాలు శరీరాన్ని బలహీనపరుస్తాయనీ, అప్పుడు మాక్రోఫేజ్‌లు సొంత కణాలనే తినివేస్తాయనీ, వెంట్రుకల రంగును హరించి నెరపించేది కూడా అవేననీ సిద్ధాంతీకరించాడు. విరుగుడుగా పులిసిన పాలను సూచించాడు. తానూ నిత్యం సేవించేవాడు. ఈ ప్రచారం వలన ఐరోపాలో పెరుగు అమ్మకాలు విపరీతంగా పెరిగాయి. వెంట్రుకలు నెరవడం గురించి అతడు చెప్పినది నిలబడలేదు. పెరుగు ఆయుర్దాయాన్ని పెంచుతుందని కూడా రుజువు కాలేదు. అయితే ప్రేగులోని సూక్ష్మజీవులకు ఆరోగ్యంతో సంబంధం ఉన్నదన్న మూల భావన ఒక శతాబ్దం తరువాత మళ్ళీ పరిశోధకులను ఆకర్షించింది.

చివరి రోజులు

1909లో స్వదేశానికి వెళ్ళినప్పుడు యాస్నయా పోల్యానాలో టాల్‌స్టాయ్‌ను దర్శించాడు. 1911లో క్షయవ్యాధిని అధ్యయనం చేయడానికి కల్మిక్ మైదానాలకు వెళ్ళిన పరిశోధక బృందానికి నాయకత్వం వహించాడు. మొదటి ప్రపంచ యుద్ధం అతడిని బాగా కృంగదీసింది. సంస్థలోని యువకులు సైన్యంలో చేరడంతో ప్రయోగశాలలు బోసిపోయాయి. గుండెజబ్బుతో 1916 జూలై 15న, తన 71వ ఏట పారిస్‌లో మరణించాడు. అతడి చితాభస్మాన్ని పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో భద్రపరచారు. ఓల్గా రచించిన జీవితచరిత్ర 1920లో వెలువడింది. వీరికి సంతానం లేదు.

చర్మగాయం: తరువాతి పరిశోధనలు

చర్మం తెగినప్పుడు మొదట రక్తం గడ్డకడుతుంది. చర్మంలో స్థిరంగా కాపలా ఉండే మాస్ట్ కణాలు, మాక్రోఫేజ్‌లు రసాయన సంకేతాలను విడుదల చేస్తాయి. ఈ మాస్ట్ కణాలకు పేరుపెట్టినది మెచ్నికోవ్‌తో బహుమతిని పంచుకొన్న ఎర్లిక్ కావడం గమనార్హం. సంకేతాలు అందిన కొద్ది గంటలలో న్యూట్రోఫిల్‌లు గాయం వద్దకు చేరి సూక్ష్మజీవులను మ్రింగుతాయి. రెండు మూడు రోజులకు రక్తంలోని మోనోసైట్ కణాలు వచ్చి మాక్రోఫేజ్‌లుగా మారి, చనిపోయిన న్యూట్రోఫిల్‌లను, శిథిలాలను తొలగిస్తాయి. అంతటితో ఆగక, క్రొత్త రక్తనాళాలు పెరగడానికి, తంతుకణాలు కొల్లాజెన్‌ను నిర్మించడానికి కావలసిన సంకేతాలను పంపుతాయి.

1972లో గినీపందులలో న్యూట్రోఫిల్‌లను తొలగించి చూసినప్పుడు, క్రిములు సోకని గాయం మామూలుగానే మానింది. 1975లో లీబోవిచ్, రాస్‌లు మాక్రోఫేజ్‌లను తగ్గించినప్పుడు మాత్రం గాయాన్ని శుభ్రపరచడం, మానడం రెండూ బాగా ఆలస్యమయ్యాయి. 2010లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో, మొదటి దశలో మాక్రోఫేజ్‌లు లేకపోతే క్రొత్త కండ సరిగా ఏర్పడదనీ, చివరి దశలో లేకపోయినా పెద్దగా తేడా ఉండదనీ తేలింది. వీటికి భిన్నంగా, పుట్టుకతోనే ఈ రెండు తెగల కణాలూ లేని ఎలుక పిల్లలలో గాయాలు మచ్చ పడకుండా మానినట్లు 2003లో ప్రకటించారు. మచ్చ పడడంలో ఈ కణాలకు భాగం ఉన్నదని దీనివలన తెలుస్తున్నది.

మధుమేహ రోగుల కాళ్ళపై నెలల తరబడి మానని పుండ్లలో న్యూట్రోఫిల్‌లు, మాక్రోఫేజ్‌లు పోరాట దశలోనే ఉండిపోయి, మరమ్మతు దశకు మారలేకపోతాయి. సూక్ష్మజీవులను చంపడానికి అవి విడుదల చేసే ఎంజైములు క్రొత్తగా ఏర్పడుతున్న కొల్లాజెన్‌ను కూడా కరిగిస్తాయి. రక్షించే కణాలే సొంత శరీరానికి హాని చేయగలవని మెచ్నికోవ్ వృద్ధాప్యం విషయంలో ఊహించాడు. వెంట్రుకల విషయంలో తప్పిన ఆ ఊహ, మానని పుండ్ల విషయంలో కొంతవరకు సరిపోయింది.